తాళం అన్నయ్యకి, గ్రీజు నాకా?

బంగారం కూతురికి, బండి కొడుక్కి. ఈ పంపకం ఎవరు చేశారో తెలీదు. ఏ కాగితం మీదా లేదు. అయినా మన ఇళ్ళల్లో ఇది శాసనంలా నడుస్తోంది. పొలం దగ్గర, ఇంటి దగ్గర ఈ మధ్య ఆడపిల్లలం కాస్త నోరు విప్పుతున్నాం. కనీసం "సంతకం పెట్టమ్మా" అన్నప్పుడు "దేనికి?" అని అడుగుతున్నాం. కానీ కారు, స్కూటరు, ట్రాక్టరు, బోరు మోటారు, నాన్న పనిముట్ల పెట్టె, వీటి దగ్గరికి వచ్చేసరికి మనమే అడుగు వెనక్కి వేసి "అవన్నీ వాడివే లెండి" అంటాం. ఇనుము అంటే మగవాళ్ళ సొత్తు అని మనకి మనమే ఒప్పేసుకున్నాం. నా తగాదా దాని మీదే.

సంగతి ఇది. మా నాన్నగారి అంబాసిడర్ 1977 మోడల్, మార్క్ 3. నాన్న పోయాక తెనాలిలో రేకుల షెడ్డులో ఉండిపోయింది. పన్నెండో రోజునే పెద్దవాళ్ళు "కారు అబ్బాయిదే కదా" అనేశారు. అన్నయ్య నోరు తెరిచి అడగను కూడా లేదు. అడగక్కర్లేకుండా వచ్చేవి అలాగే వస్తాయి. తాళాలు వాడి చేతిలో పెట్టారు. వాడు జేబులో వేసుకుని బెంగుళూరు వెళ్ళిపోయాడు. బండి మాత్రం ఇక్కడే ఉంది, గేర్ బాక్స్ పాడైపోయి.

ఆ గేర్ బాక్స్ విప్పి బాగు చేయించిన మనిషిని నేను. "చేయించిన" అని ఎందుకన్నానంటే, సగం పని విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చేశాడు కాబట్టి. మిగతా సగం నా చేతుల మీదుగానే జరిగింది. ఇప్పుడు బండి నడుస్తోంది. నడుస్తోందనగానే ఫోన్లు మొదలయ్యాయి. "బాగైందిటగా, ఇంక అన్నయ్యకి పంపించెయ్యి. నీకెందుకమ్మా, ఇద్దరాడపిల్లల తల్లివి" అని. ఆ చివరి ముక్కకీ కారుకీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు.

ఇలాంటి చోట మామూలుగా ఏం రాస్తారో నాకు తెలుసు. "మిక్సీ బాగు చేసుకునే ఆడవాళ్ళకి గేర్ బాక్స్ ఎంత? కుక్కర్ గాస్కెట్ మార్చినట్టే!" అని. నేనలా రాయను. గేర్ బాక్స్ కుక్కర్ కాదు. మనకి ఏది చెప్పాలన్నా వంటింట్లోంచి ఒక పోలిక తెచ్చి నోట్లో పెట్టడం కూడా ఒకరకం చిన్నచూపే. మనకి వంటిల్లు తప్ప ఇంకేదీ ఎక్కదనుకోవడమే కదా అది? గేర్ బాక్స్‌ని గేర్ బాక్స్‌గానే చెప్తాను. బీఏ తెలుగు చదివిన నాకు ఎక్కింది. మీకూ ఎక్కుతుంది.

అంబాసిడర్‌కి నాలుగు గేర్లు. పాత బండ్లలో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, హ్యాండ్ గేరు అంటారు. లోపల ముఖ్యంగా మూడు షాఫ్టులు. ఇంజను నుంచి క్లచ్ ద్వారా బలం తెచ్చేది ఒకటి. దాని వరసలోనే వెనక చక్రాల వైపు వెళ్ళేది మెయిన్ షాఫ్టు. ఈ రెండిటి కింద, పక్కగా తిరుగుతూ ఒకదాని బలాన్ని ఇంకోదానికి అందించేది లేషాఫ్టు. చిన్న గేర్లలో బలం పైనుంచి కిందకి దిగి, లేషాఫ్టు మీదుగా మళ్ళీ పైకి ఎక్కుతుంది. నాలుగో గేరులో మాత్రం పై రెండు షాఫ్టులూ నేరుగా కలిసిపోతాయి. లేషాఫ్టు ఊరికే తిరుగుతుంటుంది, దాని మీద బరువేమీ ఉండదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా బండి జబ్బు పట్టుబడింది దీనివల్లే. మొదటి మూడు గేర్లలోనూ రొద. నాలుగులో పడగానే హాయిగా నిశ్శబ్దం. మా మేనమామ ముందుసీట్లో కూర్చుని "ఇంజను పోయింది, ఇనుముకి వేసెయ్యండి" అని తీర్పు చెప్పాడు. ఆటోనగర్ పెద్దాయన వెనకసీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. "నాలుగులో అరవట్లేదు కదమ్మా. అయితే లేషాఫ్టు నీడిల్సే" అన్నాడు. విప్పి చూస్తే అంతే. మా మేనమామ మగవాడే, నలభై ఏళ్ళుగా బండి నడుపుతున్నాడు. కాబట్టి ఇనుము సంగతి మగవాళ్ళకి పుట్టుకతో తెలుస్తుందన్న మాట ఇక నా దగ్గర చెల్లదు. తెలిసినవాడికి తెలుస్తుంది, విన్నవాడికి తెలుస్తుంది.

రెండో జబ్బు, మూడో గేరు వేస్తే కరకరమనడం. దాని కథ నాకు భలే నచ్చింది. రెండు, మూడు గేర్ల పళ్ళు లేషాఫ్టు పళ్ళతో ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయట. మనం రాడ్డు లాగినప్పుడు చేసేది పళ్ళు కలపడం కాదు, ఆ గేరుని మెయిన్ షాఫ్టుకి ముడి వెయ్యడం. రెండూ వేరు వేరు వేగాల్లో తిరుగుతుంటే ముడి పడదు. అందుకని మధ్యలో ఒక ఇత్తడి రింగు ఉంటుంది, సింక్రో రింగు. దాని లోపల సన్నటి గాళ్ళుంటాయి. అవి గేరు మీది కోను ఆకారాన్ని పట్టుకుని, రాసుకుని, రెంటి వేగాన్నీ సమం చేస్తాయి. సమమయ్యాకే స్లీవు జారి పళ్ళల్లో కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి ఈ సర్దుబాటంతా చేసేది ఆ ఇత్తడి రింగే. అందుకే ముందు అరిగేది కూడా అదే. (దీన్ని ఎవరితోనూ పోల్చను. వంటింటి పోలికలు వద్దన్నాను కదా. మీకు ఎవరైనా గుర్తొస్తే ఆ బాధ్యత మీది.)

రింగు అరిగిందో లేదో చూడటానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. రింగుని చేత్తో గేరు కోను మీద గట్టిగా నొక్కి పట్టుకుని, రింగు పళ్ళకీ గేరు పళ్ళకీ మధ్య సందు ఎంతుందో చూడటమే. కొత్తదానికి స్పష్టంగా సందు ఉంటుంది. మాదానికి దాదాపు ఆనుకునిపోయింది. గాళ్ళు అద్దంలా నునుపెక్కిపోయాయి. ఆయిలు వొంపేసినప్పుడే అడుగున బంగారు రజను లాంటిది మెరిసింది. అదంతా ఆ ఇత్తడే.

ఇక మొదటి గేరుకి అసలు సింక్రో ఉండదు. దాని పళ్ళు కూడా నిలువుగా కోసినవి, అందుకే ఫస్టులో బండి కుయ్యిమంటుంది. అది జబ్బు కాదు, పుట్టు స్వరం. బండి పూర్తిగా ఆగాకే ఫస్టు వెయ్యాలి. కదులుతుండగా వెయ్యాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. నాన్న అలా తొక్కేవారు. మా వాళ్ళందరూ దాన్ని "మీ నాన్న స్టైలు" అనుకునేవాళ్ళు. స్టైలు కాదు, ఆ బండి అడిగే మర్యాద.

అన్నిటికన్నా కష్టమైంది లేషాఫ్టు తిరిగి కూర్చోబెట్టడం. నీడిల్సంటే అగ్గిపుల్లలకన్నా పొట్టిగా ఉండే ఉక్కు పుల్లలు. వాటిని ఒక్కొక్కటీ గ్రీజుతో లోపలి గోడకి అంటించాలి. అసలు షాఫ్టుకి బదులు పొట్టి డమ్మీ షాఫ్టొకటి దూర్చి అవి రాలకుండా నిలబెట్టాలి. మొత్తాన్ని హౌసింగ్ అడుగున పడుకోబెట్టి, పైన మెయిన్ షాఫ్టు ఎక్కించాక, అప్పుడు దాన్ని పైకెత్తి అసలు షాఫ్టుని ఒక పక్కనుంచి తోస్తే డమ్మీ రెండో పక్కనుంచి బయటికి వచ్చేస్తుంది. మధ్యలో ఒక్క పుల్ల పడిపోయినా మళ్ళీ మొదటికే. పెద్దాయనకి కంటి చూపు తగ్గింది, చేతులు కొద్దిగా వణుకుతాయి. ఆ పుల్లలు పెట్టింది నేను. వరసలో ఆఖరి పుల్ల పట్టీ పట్టనట్టు బిగుతుగా కూర్చుంటే వరస నిండినట్టు అన్నాడాయన. కూర్చుంది. పెద్దాయన ఒక్కటే అన్నాడు, "ఇదివరకు కుర్రాళ్ళు రెండేళ్ళు కిరసనాయిల్లో సామాన్లు కడిగితేగానీ ఈ పని వాళ్ళ చేతికిచ్చేవాణ్ణి కాదమ్మా". ఆ కుర్రాళ్ళెవరూ ఇప్పుడు ఈ పనికి రావడం లేదట. నేను వెళ్ళాను. పని నేర్చుకోవడానికి మనుషులు దొరకడం లేదని ఒక పక్క ఆయన వాపోతుంటే, ఇంకో పక్క మనల్ని ఆ గేటు దగ్గరే "మీ వారు రాలేదా అమ్మా?" అని ఆపుతారు. ఈ రెండూ ఒకే వీధిలో జరిగే సంగతులు.

ఇప్పుడు అన్నయ్య వాదానికి వస్తాను. వాడు చెడ్డవాడేం కాదు. ఫోన్లో రెండు సలహాలిచ్చాడు. ఒకటి, "ముందు రంగు వేయిద్దాం, బంపర్లకి నికెల్ కొట్టిద్దాం, గేర్ బాక్స్ తర్వాత చూసుకోవచ్చు". రెండు, "అసలా పాత బాక్సెందుకు, తర్వాత వచ్చిన ఇసుజు బండ్లలోని అయిదు గేర్ల బాక్స్ పెట్టించేద్దాం, గేరు కిందకి వచ్చేస్తుంది, నడపడం తేలిక".

మొదటిదాని గురించి నాకు ఓపిక లేదు. క్లాసిక్ కారు పేరుతో ఊళ్ళో జరిగేదంతా ఇదే. బండికి అద్దంలా మెరిసే రంగు, తెల్ల గీత టైర్లు, లోపల ఎర్ర రెగ్జిన్ సీట్లు. పెళ్ళి మంటపం దాకా నలుగురు తోసుకుంటూ తీసుకెళ్తారు, ఎందుకంటే గేరు పడదు. కనిపించేదానికి లక్ష పోస్తారు, కనిపించనిదానికి వెయ్యి ఇవ్వమంటే ముఖం ముడుచుకుంటారు. ఆ మెరుపు ఫోటోలో యజమాని పక్కన నిలబడతాడు. గేర్ బాక్స్ పని ఫోటోలో పడదు, కాబట్టి అది పని కింద లెక్కలోకి రాదు. ఇంట్లో ఏ పనులు లెక్కలోకి వస్తాయో, ఏవి రావో మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండో సలహాకి మాత్రం జవాబు చెప్పాలి. 1992 తర్వాత ఇసుజు ఇంజనుతో, కింద గేరుతో అంబాసిడర్లు వచ్చిన మాట నిజమే. అవి మంచి బండ్లే. కానీ మన బండికి ఆ బాక్స్ పెట్టాలంటే ఫ్లోరు కొయ్యాలి, మౌంటింగులు మార్చాలి, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచెయ్యాలి, స్టీరింగ్ దగ్గరి రాడ్డు పీకెయ్యాలి. అది బాగు చెయ్యడం కాదు, వేరే బండి చెయ్యడం. అంతకన్నా పెద్ద కారణం నాకొకటుంది. గేరు స్టీరింగ్ దగ్గర ఉండబట్టే ముందు సీటు ఒకటే పొడుగు బెంచీలా ఉంటుంది. నాన్నకీ అమ్మకీ మధ్యలో నేను కూర్చున్న చోటది. అన్నయ్యకి వెనక కిటికీ ఇష్టం. కాబట్టి ఆ మధ్య చోటు వాడి జ్ఞాపకాల్లో లేదు. వాడికి అక్కడ గేరు రాడ్డు వచ్చినా నష్టం లేదు. నాకుంది. వారసత్వం అంటే వస్తువొక్కటే కాదు కదా, ఆ వస్తువులో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది కూడా.

"ఆడదానికి గేర్ల గొడవెందుకు" అనేవాళ్ళకి ఒక పాత సంగతి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ కనిపెట్టిన మోటారు బండిని ఆయనకి చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తన పుట్టింటికి వెళ్ళింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. మోటారు కారులో అంత దూరం అంతకు ముందు ఎవరూ వెళ్ళలేదు. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన చేత తోలు వేయించింది. ఎత్తు దారుల్లో బండి ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. తిరిగొచ్చాక ఆవిడ చెప్పిన మాట మీద, ఎత్తులెక్కడానికి ఇంకో చిన్న గేరు చేర్చారు. అంటే ఘాట్ రోడ్డు మీద మీ ఆయన ఠీవిగా వేసే ఆ చిన్న గేరు వెనక, పుట్టింటికి బయల్దేరిన ఒక ఇల్లాలి ఫిర్యాదు ఉంది. ఆవిడ కూడా "మీ వారు ఒప్పుకున్నారా?" అన్న ప్రశ్నకి ఆగి ఉంటే బండి అక్కడే ఉండేది.

ఇప్పుడు అసలు చిక్కు. నేను కారు గురించి మాట్లాడగానే మనవాళ్ళల్లో ఆడవాళ్ళే ముందు అడ్డుపడ్డారు. పిన్ని ఏమందంటే, "పాత ఇనుము కోసం పుట్టింటి తలుపు మూసుకుంటావుటే?" అని. ఈ మాట మీరూ ఎప్పుడో ఒకప్పుడు విని ఉంటారు. అడిగితే బంధం తెగుతుంది, అడక్కపోతే నిలుస్తుంది. సరే, నిలబెట్టే పని ఎప్పుడూ మనదే ఎందుకు? వాడు అడక్కుండా తీసుకున్నప్పుడు బంధానికి ఏమీ కాలేదు. నేను అడిగితేనే అది పుటుక్కున తెగిపోయేదైతే, ఆ దారం ఎంత పాతదో ముందు చూసుకోవాలి. "వస్తువు చిన్నది కదా, వదిలెయ్యరాదూ" అంటారు. వస్తువు అంత చిన్నదైతే, ఇవతలివాళ్ళకి వదలడం కూడా అంతే తేలిక కావాలి మరి.

చట్టం సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఆస్తి అంటే ఇల్లూ పొలమే అనుకుంటున్నారు. నాన్న తన జీతంతో కొనుక్కున్న కారు నాన్న స్వార్జితం. ఆయన వీలునామా రాయలేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమాన వాటాలు. మా ఇంట్లో అయితే అమ్మకొకటి, అన్నయ్యకొకటి, నాకొకటి. బంగారమా ఇనుమా అని చట్టం విడదీసి చూడలేదు. ఈ లెక్కలో అందరూ మర్చిపోయింది నన్ను కూడా కాదు, అమ్మని. పన్నెండో రోజున తాళాలు అన్నయ్య చేతిలో పెట్టినప్పుడు అమ్మ అదే గదిలో ఉంది.

అమ్మ ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకోలేదు. కానీ ఆ బండికి ఎప్పుడు ఆయిలు మార్చారో, ఎప్పుడు క్లచ్ ప్లేటు వేశారో, ఏ టైరు ఏ సంవత్సరంలో కొన్నారో, అన్నీ ఆవిడ చేతిరాతలో పాలలెక్క పుస్తకం వెనక పేజీల్లో ఉన్నాయి. గేర్ బాక్స్ ఇదివరకు ఒకసారి విప్పారని, అప్పుడు బేరింగులు మార్చి రింగులు మార్చలేదని ఆ పేజీల్లోనే తెలిసింది. ఆ సంగతి నాన్న ఎక్కడా రాసుకోలేదు. ఆటోనగర్ పెద్దాయన ఆ పుస్తకం చూసి, "ఇది ఉంటే సగం పని అయిపోయినట్టే" అన్నాడు. దాన్ని అమ్మకి చెప్తే, "ఆ, ఊరికే ఖర్చు రాసుకున్నా" అంది. మన ఆడవాళ్ళు తమ పనికి పెట్టుకునే పేరు ఇదే, ఊరికే.

ఆయిలు గురించి ఒక్కమాట, పాత బండి ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. గేరాయిలు డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటాయి. నంబరు పెద్దదైతే మంచిదనుకుని కొట్టువాడు అయిదు అంటగడతాడు. అందులో గేర్ల పళ్ళని కాపాడటానికి వేసే గంధకపు మందు ఎక్కువ. అది ఇత్తడి రింగులకి పడదని పాత బాక్సుల్లో నాలుగే పోస్తారు. కొత్త రింగులు దొరకడానికి నాకు నెలన్నర పట్టింది, కాబట్టి కొట్టువాడితో పోట్లాడి మరీ నాలుగు తెచ్చాను. "మీ వారిని అడిగి రండి మేడమ్" అన్నాడు. మా వారికి ఈ రెండిటి తేడా తెలీదు. ఆ మాట ఆయనే నవ్వుతూ ఒప్పుకుంటారు.

ఇప్పుడు మిగిలింది రిజిస్ట్రేషన్. యజమాని పోతే వారసుల పేరు మీదికి మార్చడానికి ఆర్టీవో ఆఫీసులో ఫారం 31 ఇవ్వాలి. మూడు నెలల్లో ఇవ్వాల్సింది. మా వాళ్ళందరూ కారు ఎవరిదో తేల్చేశారు గానీ ఆ కాగితం ఎవరూ నింపలేదు. ఆలస్యానికి అపరాధ రుసుం కడదాం, అది పెద్ద సంగతి కాదు. అన్నయ్య పోయినవారం ఫోన్ చేసి, "నువ్వూ అమ్మా అభ్యంతరం లేదని సంతకం పెట్టి పంపండి, నా పేరు మీద వేయించేస్తాను" అన్నాడు. నేను పెట్టనని చెప్పాను. నా పేరు మీద వెయ్యమని కూడా అడగలేదు. అమ్మ పేరు రాద్దామన్నాను. అమ్మ బండి, అమ్మ ఉన్నంతకాలం తెనాలిలోనే ఉంటుంది. నువ్వొచ్చినప్పుడు నువ్వు నడుపు, నేనొచ్చినప్పుడు నేను నడుపుతాను, మా పిల్లలకి హ్యాండ్ గేరు నేర్పుతాను అన్నాను.

అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మకెందుకే కారు?" అన్నాడు చివరికి. ఈ ప్రశ్న అమ్మనే అడగమన్నాను. ఇంకా అడగలేదు. ఫారం నింపి బల్ల మీద పెట్టాను, అమ్మ పేరుతో. వాడి సంతకం కోసం ఒక గడి, నా సంతకం కోసం ఒక గడి ఉన్నాయి. నాది పెట్టేశాను.